ఎండకు పెట్టిన సూట్‌కేసు

"కందిపప్పు డబ్బ ఏడ పెట్టినవ్?" అంది పద్మలత. పొయ్యి మీద నీళ్లు మరిగిపోతున్నాయి.

"శెనగపప్పు పక్కకే. చిన్నయి ముందట, పెద్దయి ఎన్కకు. జూస్తెనే తెలుస్తది," అన్నాడు సిద్దిరాములు.

"గిన్నేండ్ల సంది కండ్లు మూసుకొని తీస్తుంటి. నువ్ సర్దినంక దేవులాడుడైతుంది."

మరమగ్గాలు నడిచే సాంచెల కార్ఖానా మూతపడి సిద్దిరాములు నేత పని పోయినప్పటి నుంచి ఆ వంటింట్లో ఏ డబ్బా రెండు రోజులు ఒకచోట ఉండలేదు. మెట్‌పల్లి బజారుకు పోవడం మానేశాడు. పోతే పని దొరికిందా అని అడిగేవాళ్లు కొందరు, అడగలేక ముఖం తిప్పుకునేవాళ్లు కొందరు. అన్నం కలిపి కలిపి వదిలేసేవాడు. ఆ ఉదయం అతన్ని వంటింట్లోంచి బయటికి పంపడానికే పద్మలత అటక మీది పెద్ద సూట్‌కేసు దింపించి, కడిగి ఎండకు పెట్టమంది.

చాలా రోజులకు దొరికిన పని. చక్రాల సందుల్లో మట్టిని కూడా పుల్లతో గీకి తీశాడు. తళతళలాడే సూట్‌కేసును గడప ముందు నిలబెట్టాడు. ఎదురింటి లింగవ్వ చూసింది. ఆమె కొడుకు అరుణ్ దుబాయ్‌లో ఉంటాడు.

"దుబాయా కొడుకా? వీసా వచ్చిందా?"

కాదందామని సిద్దిరాములు నోరు తెరిచాడు. ఈలోపే ఆమె వచ్చి చెంపలు నిమిరి మెటికలు విరిచింది. "ముఖం జూడు, ఎంత కళ వచ్చిందో!"

తన ముఖం గురించి ఎవరైనా మంచి మాట అని ఎన్నాళ్లయిందో. సిద్దిరాములు తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ వాడలో ఒకరు దుబాయ్ పోతున్నారంటే, అక్కడున్న తమవాళ్లకు అందరూ ఇంత పంపడం మామూలే. మధ్యాహ్నానికి అరుణ్ కోసం మామిడి తొక్కు వచ్చింది. దాని వెనక సకినాలు, మోకాళ్ల నూనె, ఎవరి అల్లుడికో దుప్పటి. నిన్నటిదాకా తల తిప్పుకున్న హోటల్ రాజం పిలిచి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. "అన్నా, ఆడికి పోయినంక నన్ను మర్వకు," అన్నాడు. సిద్దిరాములు ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

"పోతలేనని చెప్పరాదు?" అంది పద్మలత మూటలు చూసి.

"ఎవ్వలు అడుగుతలేరే. ఇచ్చి పోతుండ్రు."

"జర ఊకో బిడ్డా," అంది అతని తల్లి దేవవ్వ, కోడలి చెయ్యి పట్టుకుని. "వాడు ఇయ్యాల కడుపునిండ తిన్నడు."

సాయంత్రం కార్ఖానా యజమాని కొమురెల్లి శాలువా పట్టుకుని వచ్చాడు.

"చీరల ఆర్డర్ దొరికింది సిద్దిరాములూ. ఎల్లుండి సాంచెలు మల్ల నడుస్తయ్. మొట్టమొదలు నీకే ఫోన్ జేద్దామనుకున్న. గంతల్నే నీ పయనం ముచ్చట తెలిసింది. సంతోషం! నీ జాగల లక్ష్మణ్‌ను పెట్టుకున్న."

సిద్దిరాములు అతనికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "నేను పోతలేను సేటూ! ఏడికి పోతలేను! గా సూట్‌కేసు ఉత్తగనే ఎండకు పెట్టిన!"

కొమురెల్లి గోడవారగా పేర్చిన మూటలను చూశాడు. అతని కళ్లు చెమర్చాయి.

"నాకోసం వీసా ఇడిచిపెడ్తవా? గంత పాపం నాకొద్దు."

"వీసానే లేదు సేటూ!"

"గీ మంచితనమే నిన్ను బతకనియ్యలే," అని శాలువా కప్పి, పద్మలతకు దండం పెట్టి కొమురెల్లి వెళ్లిపోయాడు.

పొద్దుగూకాక ముగ్గురూ మూటల మధ్య జాగా చేసుకుని కంచాల ముందు కూర్చున్నారు. సిద్దిరాములు కలిపిన ముద్దను నోటి దాకా తెచ్చి, మళ్లీ కంచంలో పెట్టాడు.

"రేపు ఏజెంట్ తాన్కి పోత," అన్నాడు. "నిజంగనే దుబాయ్ పోత."

పద్మలత చేతిలో గంటె ఆగిపోయింది. దేవవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఊరంతా పొద్దుటే విని సంతోషించిన కబురు, ఆ ఇంటికి అప్పుడే చేరింది.