శ్యామ్‌సుందరుని లామినేషన్ కవచభేదనం

సముద్రపు గాలి సైతం ఎండకు జడిసి ఒడ్డునే ఆగిపోయిన రెండువేల ఆరు జూన్ మాసపు ఆదివార మధ్యాహ్నాన, పుదుచ్చేరి మహాపురాన, ఇందిరా నగర్‌లో ఒకానొక మేడ వరండాలో, గరుడ నాగ రాక్షస గణాలన్నీ అట్టముక్కలై మోహరించిన ఘోరసంగ్రామాన్ని చెబుతాను, చెవి ఒగ్గండి!

ఒక పక్షాన శ్యామ్‌సుందర్: గుమాస్తాకులతిలకుడు, సర్క్యులర్ పారాయణ ధురంధరుడు, రేషన్ కార్డు మొదలు కరెంటు రసీదు దాకా చేతికందిన ప్రతి కాగితానికీ లామినేషన్ కవచం తొడిగించే మహానుభావుడు, ఈ కార్డుల ఆటలో వరుసగా పదకొండు ఆదివారాలు ఓడినవాడు. ఎదుటి పక్షాన ఆ పదకొండు పరాజయాల ప్రదాత్రి, పిన్ని కూతురు నందిత. ఇరవై ఏడేళ్ల మన శ్యామ్‌సుందర్, ఈ ఒక్కసారి ఓడకుండా లేస్తే చాలునని పొద్దునే పిళ్ళైయారు వినాయకుడికి మొక్కుకున్నాడు కూడా. నవ్వకండి, పాపం.

నందిత తన ఆఖరి అస్త్రం ‘మహాప్రళయం’ కార్డు విసిరింది. ఇరువైపులా సర్వసైన్యమూ నశించాలి. అన్నగారికి మిగిలింది ఒక్క ‘వజ్రగరుడుడు’. ‘ఈ పక్షికి చావు లేదు’ అని దాని మీద అచ్చయి ఉంది.

“ప్రళయమంటే అంతా పోవాల అన్నా. నీ పక్షి మట్టుకు యాడికి ఎగిరిపోతాది?”

అంతట శ్యామ్‌సుందర్ కుర్చీ కిర్రుమనగా లేచి, ఫైలనే అమ్ములపొదిలోంచి తళతళలాడే దివ్యపత్రాన్ని దూశాడు.

“ఆగు నందితా! నోటిమాట ఈడ చెల్లదు! కంపెనీవాళ్లే ఇంటర్నెట్లో పెట్టిన అఫీషియల్ సవరణ ఇది! సర్క్యులర్ ముందర ప్రళయమైనా తల వంచాల్సిందే! విను: ‘ప్రళయంలో వజ్రగరుడుడు నిలుచును, ఆట ఆ కార్డు గలవానిదే. అయితే...’”

పుట అక్కడితో అయిపోయింది.

“అయితే ఏంది?” అంది నందిత.

మిగతాది రెండో పుటలో ఉంది. ఆ రెండో పుటను మన ధీమంతుడు, మొదటిదానికి వెనక, రాత లోపలికి తిప్పి, ఒకే కవచంలో శాశ్వతంగా సీలు వేయించాడు!

“కోసి చూడాల అన్నా.”

“కోసేదా? అఫీషియల్ డాక్యుమెంట్‌నా?”

వంటింట్లోంచి తల్లి లీలమ్మ కత్తెర పట్టుకుని వచ్చింది. “నీ బర్త్ సర్టిఫికెట్టుకూ ఇట్లనే చేస్తివి కదరా. ఎనకుండే ముద్ర ఈనాటికీ ఎవురికీ కనపడలా. ఇదో, కొయ్యి.”

కోశాడు. కన్ను చెమర్చింది, కవచం చిరిగింది. రెండో పుట వెలుగు చూసింది. శ్యామ్‌సుందర్ చదివాడు: “‘అయితే, ఇద్దరికీ చేతిలో వేరే కార్డులు లేనిచో ఆట సమానముగా ముగియును.’”

ఇద్దరి చేతులూ ఖాళీ.

“అంటే నువ్వు గెలవలా,” అంది నందిత.

“ఓడలా!” అని గర్జించాడు వీరుడు. “అమ్మా, నేను ఓడలా!” ఆ సింహనాదానికి ఎదురింటి కనగం అక్క ఎవరికో ఉద్యోగం వచ్చిందనుకుని బయటికి వచ్చింది.

పదకొండు ఓటములను ఒక్క సమానంతో తుడిచిపెట్టిన ఆ విజేత, సాయంత్రమే ఫలితం రాసిన చీటీని లామినేషన్ చేయించి తెచ్చాడు. ఈసారి రాత బయటికి కనపడేలా.