ఎర్ర బల్బుకి పచ్చరంగు

“నేటి నుంచి మన శిక్షణ విమానాల్లో ఒక్క లోపం కూడా ఉండదు” అని విమానయాన మంత్రిగారు ప్రకటించారు. ఆ వాక్యాన్ని ఇరవై అడుగుల గుడ్డ మీద రాసే భాగ్యం నాది. శిక్షణ కేంద్రంలో నేను పెయింటర్‌ని. అంత మాట అనడానికి ఎంత గుండె కావాలో మాకే తెలుసు. మాకున్న ఒకే ఒక్క విమానానికి నలభై మూడేళ్లు.

మర్నాడు డైరెక్టర్‌గారు లోపాల రిజిస్టరు తెరిచారు.

“ఎడమ చక్రం దిగాక ఒక్కోసారి లాక్ పడటం లేదు, కీలు అరిగింది... ఏంటయ్యా ఇది?”

“లోపం సార్,” అన్నాడు మెకానిక్. నేను అన్నా అని పిలిచే మనిషి.

“మంత్రిగారు లేదన్నాక నువ్వెలా రాస్తావ్?”

“రాసి ఆర్నెల్లయింది సార్. కొత్త కీలు కోసం ఆరు ఉత్తరాలు పెట్టాను.”

“అంటే ఆర్నెల్లుగా తప్పు చేస్తున్నావన్నమాట.”

అంత చురుకైన బుర్ర మా డైరెక్టర్‌గారిది. పాత రిజిస్టరు బీరువాలోకి వెళ్లింది. కొత్తదాంట్లో ‘లోపాలు లేవు’ అని గుండ్రంగా నేనే రాశాను.

“సార్, రేపు మంత్రిగారిని ఎక్కించుకొని విమానం నడిపేది నా కూతురు,” అన్నాడు అన్న.

“గర్వపడు. రేపు గేటు దగ్గర పూలగుత్తులు పట్టుకొని నిలబడు.”

అన్న వెళ్లాక నన్ను పిలిచారు. పైలట్ ముందు ఒకే గాజుకప్పు కింద రెండు బల్బులున్నాయి. చక్రాలు లాక్ పడితే పచ్చది, పడకపోతే ఎర్రది వెలుగుతుంది.

“పక్కనే మంత్రిగారు కూర్చుంటారు. ఎరుపు చూస్తే జడుసుకోరూ? నీ దగ్గర పచ్చరంగుందా?”

ఉంది. లేదని చెప్పి ఉంటే బాగుండేది.

మర్నాడు ఎక్కేముందు అన్న కూతురు డైరెక్టర్‌గారిని అడిగింది. “కీలు మార్చారా సార్?”

“దిగేటప్పుడు దీపం చూడమ్మా, నీకే తెలుస్తుంది.”

మంత్రిగారు విమానం రెక్క తట్టి, “దీని వయసెంత?” అన్నారు.

“మీకంటే చిన్నదే సార్,” అన్నారు డైరెక్టర్‌గారు.

మంత్రిగారు తన మోకాళ్ల వంక ఓసారి చూసుకొని, కింది నుంచే జెండా ఊపుతానన్నారు. అమ్మాయి ఒక్కతే ఎగిరింది. దిగేటప్పుడు దీపం పచ్చగా వెలిగింది. నేల తాకగానే ఎడమ చక్రం ముడుచుకుపోయింది. విమానం గడ్డిలోకి ఈడ్చుకుపోయి బోర్లా పడింది. అమ్మాయి చెయ్యి విరిగింది. ప్రాణం దక్కింది.

విచారణకి డైరెక్టర్‌గారే అధ్యక్షులు.

“దీపం పచ్చగానే ఉందా?” అని అమ్మాయిని అడిగారు.

“ఉంది సార్.”

“అయితే చక్రాలకి ఏ లోపమూ లేదు.”

క్రమశిక్షణలోనూ వారు రాజీపడలేదు. గేటు వదిలి రన్‌వే మీదికి పరిగెత్తినందుకు అన్నని సస్పెండ్ చేశారు.

ఇక ఒకటే చిక్కు. మూడు చక్రాలూ సరిగా దిగాయని నివేదిక. రన్‌వే మీద చూస్తే చివరిదాకా ఉన్న టైరు చారలు రెండే. పైనుంచి తనిఖీ వస్తోంది. నల్లరంగు డబ్బాతో నన్ను పంపారు. నేను మోకాళ్ల మీద కూర్చుని మూడో చార గీస్తుంటే, అమ్మాయి కట్టు కట్టిన చేత్తో వచ్చి నా ముందు నిలబడింది. రెండో చేతిలో బల్బుంది. నా పని చూడటానికి వచ్చిన డైరెక్టర్‌గారు కూడా దాన్ని చూశారు.

“బాబాయ్, గోటితో గీకితే లోపల ఎర్రగా ఉంది.”

సిగ్గుతో చచ్చిపోయాను. తల ఎత్తలేదు.

“నీకసలు బుద్ధుందా?” అని డైరెక్టర్‌గారు నా మీద కేకలేశారు. “రెండో కోటు ఎందుకు వెయ్యలేదు?”