ఎనిమిదో రకం కేబులు

ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి కొట్టుకు వెళ్ళడం, ఒక నెట్ కేబులు కొనుక్కురావడం, దాన్ని హాల్లో ఉన్న రౌటరు నుంచి వెనకగదిలో ఉన్న లాప్‌టాప్ దాకా లాగడం, భోంచేసి కాసేపు నడుం వాల్చడం. ఎవరైనా చెయ్యగల పనే. కానీ ఆ ఇంట్లో ఏ పనీ ఎవరైనా చేసినట్టు జరగదు.

కేబులు కావలసింది ఇల్లాలికి. ఆవిడ లెక్కల టీచరు. ఏడాదిగా ఇంట్లోంచే ఆన్‌లైన్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటోంది. ఆ సాయంత్రం నాలుగింటికి ఒక పేరున్న బడివాళ్ళ ముందు నమూనా పాఠం చెప్పాలి. నచ్చితే పర్మనెంటు ఉద్యోగం. కిందటి నెల ఇంకో బడి ఇలాగే పిలిచింది. పాఠం మధ్యలో వైఫై చచ్చి, ఆవిడ ముఖం నోరు తెరిచిన చోటే బొమ్మలా నిలిచిపోయింది. బడివాళ్ళు ఆ నోటికేసి మర్యాదగా కాసేపు చూసి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

హాల్లో రౌటరు పక్కనే కూర్చుని చెప్పొచ్చుగా అంటారేమో. హాల్లో ఆవిడ తండ్రి ఉంటాడు. ఆయన ఉన్నచోట ఇంకొకరు పాఠం చెప్పడం అయ్యే పని కాదు.

"ఏమండీ, మామూలు కేబులు చాలు. కొనుక్కుని తిన్నగా ఇంటికొచ్చెయ్యండి," అంది మొగుడితో. "అక్కడ నిలబడి వాకబు చెయ్యకండి, మీకు పుణ్యముంటుంది."

ఆ మాట ఊరికే అనలేదు. వీధిలో అందరూ ఆయన్ని పిలిచేదే 'వాకబు' అని. గ్రంథాలయంలో ఉద్యోగం. దువ్వెన కొనాలన్నా ఒక వైపు పళ్ళు సన్నగా, ఇంకో వైపు వెడల్పుగా ఎందుకున్నాయో తెలిస్తే తప్ప కొనడు. మనిషి వెన్నలాంటివాడు. తెలుసుకోవడం ఒక్కటే జబ్బు.

కంప్యూటర్ల కొట్టు యజమాని రెండు మూడు చుట్టలు బల్లమీద పెట్టాడు. "క్యాట్ ఫైవ్-ఇ ఉంది, సిక్స్ ఉంది, సిక్స్-ఏ ఉంది. ఏది ఇమ్మంటారు?"

"క్యాట్ అంటే?"

"క్యాటగిరీ అండి. నంబరు పెరిగేకొద్దీ ఎక్కువ వేగం మోస్తుంది."

"బాగుంది. మరి ఫైవ్ తరవాత 'ఇ' వచ్చిందేంటి, సిక్స్ తరవాత 'ఏ' వచ్చిందేంటి? మధ్యలో బి, సి, డి ఏమయ్యాయి?"

యజమాని బుర్ర గోక్కున్నాడు. "ఇన్నాళ్ళుగా అమ్ముతున్నా, ఆ ముక్క ఎవరూ అడగలేదండీ. మీ నెట్ స్పీడెంత?"

"హండ్రెడ్."

"దానికి ఫైవ్-ఇ ధారాళంగా సరిపోతుంది. ముందుముందు స్పీడు పెంచుకుంటామనుకుంటే సిక్స్ తీసుకోండి, నిశ్చింత. ఎయిట్ అంటారా, అది పెద్ద పెద్ద సర్వర్ గదులకి. ఇళ్ళకెందుకూ?"

"అంటే ఎయిట్ కూడా ఉందన్నమాట!"

యజమాని నాలుక కరుచుకున్నాడు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. వాకబు కళ్ళు మతాబుల్లా వెలిగాయి. ఇక ఎనిమిదో రకాన్ని చూడకుండా, పట్టుకోకుండా, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడకుండా ఆ మనిషి కదలడు.

అయితే ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పారేది, ప్రవహించేది ఏదైనా కొనాలంటే మామగారిని అడగాలి. ఆయన నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు. యజమాని లోపల్నుంచి తెచ్చిచ్చిన ఎనిమిదో రకం చుట్ట చేత్తో పట్టుకునే వాకబు ఫోను చేశాడు.

"నాకు ఒక్కటి చెప్పు అల్లుడూ," అన్నాడు మామగారు. "వాటిల్లో ఏది లావు?"

"ఎయిట్ మామయ్యా. చిటికెనవేలంత ఉంది."

"మరింకేం! పైపు లావుంటే ధార బాగుంటుంది. సన్నపైపులు వేసి పేటలకి పేటలు ఎండగట్టిన ప్రబుద్ధుల్ని ఎంతమందిని చూశాననుకున్నావ్?"

"ఇది నీళ్ళు కాదు మామయ్యా, డేటా."

"ఏదైతేనేం, పారేదేగా?"

ఈ వాదంలో తప్పెక్కడుందో వాకబుకు ఎంత వెతికినా దొరకలేదు. ఎనిమిదో రకం కేబులు చంకన పెట్టుకుని ఇల్లు చేరాడు.

అది కేబులన్న మాటే గానీ లొంగే రకం కాదు. చుట్ట విప్పితే మళ్ళీ చుట్టుకుంది. గుమ్మం మూల దగ్గర వంచి వదిలితే ఎగిరి మామగారి కళ్ళజోడును కిందపడగొట్టింది. వాకబు అట్టపెట్టె మీద రాసింది చదివాడు. "మరీ మెలిపెట్టి వంచొద్దని ఉంది మామయ్యా."

"చూశావా!" మామగారు కళ్ళజోడు లేకుండానే లేచి నిలబడ్డాడు. "వంపు వచ్చిన చోటల్లా ఒత్తిడి పడిపోతుంది. మా డిపార్టుమెంటులో చంటిపిల్లాడికి కూడా తెలుసు."

ఆ క్షణం నుంచి పని పెత్తనం ఆయన చేతికి పోయింది. మొదట వాలు కావాలన్నాడు. పైనుంచి కిందికి వాలు ఉంటే డేటా దానంతటదే దిగుతుందట. రౌటరు బీరువా మీదికెక్కింది.

వాకబుకు సందేహం వచ్చింది. "దిగడం సరే మామయ్యా. మరి ఇటునుంచి ఆవిడ చెప్పే పాఠం పైకెలా ఎక్కుతుంది?"

మామగారు గడ్డం నిమురుకున్నాడు. "అది మా అమ్మాయి గొంతు. ఎక్కడికైనా ఎక్కుతుంది."

వంటింట్లోంచి ఆ గొంతే వినిపించింది. "ఏమండీ, ఇంకా అవలేదా? మూడు దాటింది!"

"అయిపోవచ్చిందోయ్!"

వంపులు ఉండకూడదు, వాలు ఉండాలి. అంటే దారి ఒక్కటే, గోడలోంచి తిన్నగా. పక్కింటి వడ్రంగి దగ్గర డ్రిల్లు అరువు తెచ్చారు. మామగారు వెనకగది గోడకు చెవి ఆనించి, వేలితో కొట్టి, రోగి ఛాతీ పరీక్షించినట్టు పరీక్షించాడు. "ఇక్కడ పైపు లేదు. నా సర్వీసు మీద ఒట్టు. కానియ్."

వాకబు కానిచ్చాడు. డ్రిల్లు గుర్రుమంది, గోడ పొడి రాల్చింది, ఆ పైన బుస్సుమంటూ నీళ్ళు చిమ్మి ఆయన ముఖం మీద పడ్డాయి.

"పైపుంది మామయ్యా."

"ఉంది," అన్నాడు మామగారు. "పైగా మంచి లావుది." ఆ గొంతులో కాస్త మెచ్చుకోలు కూడా ధ్వనించింది.

వాకబు మేడమీదికి పరిగెత్తాడు. ట్యాంకు వాల్వు ఎటు తిప్పితే మూతపడుతుందో తెలుసుకుందామని ఇటూ తిప్పాడు, అటూ తిప్పాడు. పిడి ఊడి చేతికొచ్చింది. ఇక ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆ ధార ఆగదు.

కిందికి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. బల్ల తడిసింది, తెల్లబోర్డు తడిసింది, వారం రోజులుగా అట్టతో కత్తిరించుకున్న త్రిభుజాలన్నీ నేలమీద తేలుతున్నాయి. ఆవిడ ఆ గది కరెంటు కట్టేసి, లాప్‌టాప్ చంకన పెట్టుకుంది. "గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు," అంది. "ఇదొక్కటే అడిగాను మిమ్మల్ని."

తిట్టినా బాగుండేదనిపించింది వాకబుకు. సిగ్గుతో తల ఎత్తలేక బట్టలు తడిపే తొట్టి తెచ్చి ధార కింద పెట్టి, చెంబుతో తోడి కిటికీలోంచి పారబోయడం మొదలుపెట్టాడు. మామగారు కన్నాన్ని అరచేత్తో అదిమిపట్టుకున్నాడు.

నాలుగు కావస్తోంది. ఆవిడ హాల్లోకి వచ్చి రౌటరును బీరువా మీదినుంచి దించింది. రౌటరు పెట్టెలో ఊరికే ఇచ్చిన మూరెడు కేబులు కనిపిస్తే దాన్నే లాప్‌టాప్‌కి గుచ్చింది. దానిమీద ఫైవ్-ఇ అని రాసి ఉంది. బొమ్మ అద్దంలో ముఖంలా తేటగా వచ్చింది. అంత తేటగా రావడమే కొంప ముంచింది. తెరమీద ఆవిడ, ఆవిడ వెనక తెరిచి ఉన్న వెనకగది తలుపు, తలుపు అవతల సకలం కనిపిస్తున్నాయి. ఆ తలుపు కూడా నానిపోయి మూతపడటం మానేసింది.

హెడ్మిస్ట్రెస్, ఆవిడ పక్కన ఇద్దరు టీచర్లు, బెంచీల మీద పిల్లలు తెరమీద ప్రత్యక్షమయ్యారు. "నమస్కారమండీ. ఈరోజు త్రిభుజాలు..." అని ఇల్లాలు మొదలుపెట్టింది.

ముందు బెంచీ పాప చెయ్యెత్తింది. "టీచర్, మీ వెనకాల ఇద్దరు తాతయ్యలు ఏం చేస్తున్నారు?"

నలభై నిండని వాకబుకు చెంబు చెయ్యి జారింది.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఈ ఉద్యోగమూ పోయిందనే అనుకుంది. పోతే పోయింది, పాఠమన్నా మిగలనీ అన్న మొండితనం ఎక్కడినుంచో వచ్చింది. కుర్చీ పక్కకు జరుపుకుని అందరికీ కనిపించేలా చెయ్యి చాపింది.

"మంచి ప్రశ్న. చూడండి, గోడలోంచి తొట్టిలోకి నీళ్ళొస్తున్నాయి. ఒకాయన తోడేస్తున్నాడు. వచ్చే నీళ్ళలో సగమే తోడగలుగుతున్నాడు. తొట్టి ఏమవుతుంది?"

"నిండిపోతుంది టీచర్!"

"ఇంకొకాయన కన్నాన్ని చేత్తో సగం మూశాడు. ఇప్పుడు?"

బెంచీల్లో గుసగుసలు. వేళ్ళమీద లెక్కలు. వెనకనించి మామగారు ఉండబట్టలేక "ఒత్తిడి చూసుకో అమ్మాయ్!" అని అరిచాడు. ఆఖరి బెంచీ పిల్లవాడు లేచాడు. "వచ్చేదీ పోయేదీ సమానం టీచర్. అది నిండదు, ఖాళీ అవదు."

"అయితే వాళ్ళ పని ఎప్పటికవుతుంది?"

"ఎప్పటికీ అవదు టీచర్!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. హెడ్మిస్ట్రెస్ కళ్ళు తుడుచుకుంటూ ముందుకు వంగింది. "మా పిల్లలు లెక్కల క్లాసులో ఇంతసేపు కదలకుండా కూర్చోవడం ఇదే చూడ్డమండీ. ఒక్క పాఠం కోసం ఇంట్లో ఇంత ఏర్పాటు చేశారు! మీరు సోమవారం చేరిపోండి. మొదటి పాఠం రైళ్ళు, వేగాలు. ఆ ఇద్దర్నీ కూడా ఉండమనండి."

ఆవిడ లాప్‌టాప్ మూసింది. వచ్చేది నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు. తర్వాత లేచి, ఒక పొడి తువ్వాలు తెచ్చి మొగుడి తలమీద వేసింది. తుడిచింది కూడా.

తువ్వాల్లోంచి వాకబు గొంతు మెల్లగా వినిపించింది. "ఏమోయ్, రైలుపట్టాలు ఎన్ని రకాలుంటాయంటావ్?"

ఆవిడ తువ్వాలు వెనక్కి తీసేసుకుంది.