ఇజ్వోరా ఏట్లో కంబళి

ఈస్టర్ ముందు వారం, పొద్దున్నే తొదోసియా ఉన్ని కంబళి భుజాన వేసుకుని ఉతకడానికి ఇజ్వోరా ఏటికి బయలుదేరింది. వాళ్ళమ్మ చివరగా మగ్గం మీద నేసిన కంబళి అది. "మెషిన్లో పడేద్దాం అత్తయ్యా" అంది కోడలు.

"మా అమ్మనే మెషిన్లో పడేస్తానన్నట్టుంది!" అని కసిరింది తొదోసియా.

ఆ ఏరు ఎంతని? మేక దూకేస్తుంది. అయినా ఒకప్పుడు పిండిమర తిప్పి, సారా బట్టీ చల్లార్చి, ఊరంతటినీ సాకింది అదే. ఏటి నీళ్ళు గిరగిరా తిరిగి కంబళ్ళు ఉతికే చెక్క సుడితొట్టి దగ్గర, వంతుల కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేవారు. ఇవాళ పోట్లాడ్డానికి మనిషే లేదు.

తొట్టిలో కంబళి బద్ధకంగా తిరుగుతోంది. మర చూసే గవ్రిలా సగం నీళ్ళు తన బట్టీకి మళ్ళించుకున్నాడు మరి. "నీ సారా కోసం మా అమ్మ కంబళి మురికోడాలా?" అంటూ తొదోసియా అడ్డుపలక తిప్పి, ఏరంతా తొట్టిలోకి వదిలేసింది. తొట్టి పొంగింది. కంబళి కాస్తా అంచు దాటి ఏట్లో పడి కొట్టుకుపోయింది. ఆమె జోళ్ళు, తలగుడ్డ గట్టున పారేసి దాని వెంటపడింది.

బట్టీకి నీళ్ళాగిపోయాయని తిట్టడానికి వచ్చిన గవ్రిలాకు జోళ్ళు, తలగుడ్డ కనిపించాయి. మనిషి లేదు. "వామ్మో! తొదోసియా వదిన మునిగిపోయింది!" చర్చి గంట మోగింది. ఊరు ఊరంతా కొక్కేల కర్రలతో మర కిందున్న లోతు మడుగు మీద పడింది.

ఏటి వంపు దాకా వెతికి, కంబళి దొరక్క ఏడుస్తూ వెనక్కొచ్చిన తొదోసియా ఆ గుంపును చూసి ఆగింది. కంచె తగువైన నాటి నుంచి తనతో మాటల్లేని పొరుగింటి పలగూత్సా గట్టున కూలబడి శోకాలు పెడుతోంది. "నా బంగారు తల్లీ! నాలాంటి గయ్యాళిని ఇంకెవరు భరిస్తారే!"

"ఎవరే పాపం, పోయింది?" అంది తొదోసియా ముక్కు చీదుతూ.

"మా తొదోసియా" అంటూ తలెత్తిన పలగూత్సా కెవ్వుమంది.

అంతలో గవ్రిలా కొక్కేనికి ఏదో బరువుగా తగిలింది. నలుగురు కలిసి లాగితే కంబళి వచ్చింది. తొదోసియా దాన్ని వాటేసుకుని "అమ్మా!" అని భోరుమంది.

"కంబళి కోసమా ఇంత గోల!" అన్నాడు గవ్రిలా.

"కంబళి పోయిందంటే ఒక్కడైనా వచ్చేవాడా?"

తడిసిన కంబళి ఒక్క మనిషి పిండగలిగేది కాదు. పలగూత్సా ముక్కు తుడుచుకుని వచ్చి రెండో కొస పట్టుకుంది.

"ఇందాక ఏమన్నావే? గయ్యాళినన్నావుగా, మళ్ళీ ఓసారి అను" అంది తొదోసియా.

"చచ్చినవాళ్ళతో నాకు మాటలేంటి?" అని పలగూత్సా కంబళిని గట్టిగా మెలిపెట్టింది.