రాజుగారి రంపం మెషీను

దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున్నే కాఫీ తాగేసి, వంటింటి మీదకి ఒరిగిన వేపచెట్టును ఎనిమిదింటికల్లా కోసి పారేయాలని వెంకటరాజుగారు నిశ్చయించుకున్నారు. పోయిన వారం గాలివానకి వేళ్ళు కదిలి, చెట్టు రోజుకింత కిందకి దిగుతోంది. వంటింటి పెంకులు అప్పటికే నాలుగు పగిలాయి. ఆయన భార్య వెంకటదుర్గ కూర కలిపినప్పుడల్లా ఓసారి పైకి చూసుకుంటోంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ ఏలుకుంటున్న వంటిల్లు అది.

గొడ్డలి పని చేసే చిట్టియ్యని పిలిస్తే పూటలో పడగొట్టేస్తాడని ఆవిడ మూడు రోజులుగా చెబుతూనే ఉంది. రాజుగారు వినలేదు. ఎందుకు వింటారు? జంగారెడ్డిగూడెంలో పామాయిల్ తోట ఆసామి దగ్గర కొన్న రంపం మెషీనును బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న మనిషాయె.

తెచ్చి ఆర్నెల్లయినా దాంతో ఒక్క కొమ్మ కోయలేదు గానీ, సలహాలు మాత్రం ఊరంతా పంచారు. ఒట్టి పెట్రోలు పోయకూడదు, టూటీ ఆయిల్ కలపాలి. చైను వేలితో లాగితే లేవాలి, వదిలితే మళ్ళీ అంటుకోవాలి. పని కాగానే పొట్టు తుడవాలి. ప్రతి పన్నునీ గుండ్రటి ఆకురాయితో ఒకే లెక్కన రాయాలి. టీ కొట్టు దగ్గర ఆయన మొదలుపెడితే జనం గ్లాసులు సగంలో వదిలేసి లేచేవారు. ఎదురింటి రత్తమ్మ అయితే, మెషీను సంగతి రాజుగారికి తెలీందంటూ లేదని ఎప్పుడో ఒప్పేసుకుంది. ఒప్పుకోకపోతే మళ్ళీ మొదటినుంచి చెబుతారని భయం.

దసరానాడు ఆయుధ పూజకి ఆయనే చైను ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పసుపు కుంకుమ పెట్టించి, మళ్ళీ బిగించారు. చిన్నప్పటినుంచీ కొడవలి పట్టిన చెయ్యి. కొడవలి పళ్ళు మనవైపు చూస్తాయి. అందుకని చైను పళ్ళు కూడా పై వరసలో తనవైపు చూసేలా అమర్చుకుని, బాగా కుదిరిందని తృప్తిపడ్డారు.

తాడు లాగగానే మెషీను రంయ్యిమంది. మానుకి ఆనించారు. పొట్టు రాలలేదు, పొగ వచ్చింది. ఇంకాస్త నొక్కారు. ఇంకాస్త పొగ వచ్చింది. చైను మీది పసుపు వేడెక్కి వీధంతా వాసన కొట్టింది. ఆ వాసనకి రత్తమ్మ గోడ దగ్గరికి వచ్చి, చూసి, రెండు చేతులూ జోడించింది.

"పసుపు వాసనండి రాజుగారూ. మెషీనులో ఏదన్నా లోపమేమో చూడండి. లేకపోతే మాత్రం ఇది అమ్మవారే."

అక్కడ ఓ అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ ఆయనకి పౌరుషం అడ్డొచ్చింది.

"మెషీనులో లోపమా? నేను దగ్గరుండి బిగించానండి" అన్నారు.

ఇంక చెప్పేదేముంది! గంటలో మానుకి పసుపు పూశారు. పదింటికి చీర కట్టారు. పన్నెండింటికి వీధిలో చెప్పులు విడవడానికి చోటు లేదు. పెద్దాపురం నుంచి మైకుసెట్టు రిక్షాలో దిగింది. వెంకటదుర్గ పరుగున వెళ్ళి చిట్టియ్యని తీసుకొచ్చింది. అతను గొడ్డలి గోడకి ఆనించి, చెట్టుకి దణ్ణం పెట్టి, తనవల్ల కాదన్నాడు. పోతూపోతూ మెషీను వంక చూసి ఆగాడు.

"తుని కలప డిపోలో చూశానండి. పైన పళ్ళు ముందుకి చూస్తాయండి. తమరివి తమరివైపే చూస్తన్నాయి. తిరగబడిందండి ఆయ్" అని మెల్లగా చెప్పాడు.

రాజుగారికి చెవులు వేడెక్కాయి. చెబితే ఊళ్ళో పరువు పోతుంది, చెప్పకపోతే వంటిల్లు పోతుంది. లోపల వెంకటదుర్గ డబ్బాలు హాల్లోకి మోస్తోంది. పోపులపెట్టె పట్టుకుని గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, వంటింటి వంక చూసింది. రాజుగారు అది చూశారు. పరువు ఎలా పోతే అలా పోనీ అనుకుని, జనం మధ్యకి వెళ్ళి మైకు తీసుకుని, చైను తానే తిరగేసి బిగించానని, చెట్టులో ఏ మహిమా లేదని చెప్పేశారు. జీవితంలో అంత పొట్టి ఉపన్యాసం ఆయన ఇవ్వలేదు.

జనం రత్తమ్మ వైపు చూశారు. ఆవిడ తాపీగా అంది:

"అంత తెలిసిన మీరు తిరగేసి బిగించారంటే, మీ చేత అలా బిగింపించింది ఎవరండి?"

రాజుగారు మైకు దించేశారు. మైకులో మేళం మొదలైంది. అమ్మవారి మీద చెయ్యి వేయకూడదు కాబట్టి, వంటిల్లే అడ్డు తీయాలని సాయంత్రానికి పెద్దలు తేల్చారు.

మర్నాడు పొద్దున్న రాజుగారు చైను సరిగ్గా తిప్పి బిగించి, వంటింటి తాటి వాసాలు అరగంటలో కోసి దించారు. పొగ రాలేదు, వాసన రాలేదు, సన్నటి పొట్టు మాత్రం చక్కగా రాలింది. పెరట్లో మూడు ఇటుకలు పేర్చి పొయ్యి వెలిగించుకుంటూ వెంకటదుర్గ అంతా చూసింది.

"మెషీను బాగానే కోస్తందండి" అంది.