ఇద్దరు పట్టే డేరా

ఆ రోజు పొద్దున కాశీరాం వేసుకున్న పథకం చాలా చిన్నది. కల్లంలో ఆరుతున్న పసుపు కొమ్ములను ఒకసారి తిరగేయాలి, చాయ తాగాలి, మంచం నీడకు లాక్కుని మళ్ళీ తిరగేసే వేళ దాకా కళ్ళు మూసుకోవాలి. భార్య లక్ష్మవ్వ మొదటి బస్సుకే ఏర్గట్లలో ఉన్న అక్క దగ్గరికి పోయింది కాబట్టి, పథకానికి అడ్డు చెప్పే మనిషి ఇంట్లో లేదు. అడ్డు చెప్పే మనిషి లేని పథకానికి దిష్టి తగలడం ఎక్కడైనా ఉన్నదే. ఆర్మూరు దగ్గరి ఈ పెర్కిట్‌లో ఇంకొంచెం తొందరగా తగులుతుంది.

ఎనిమిదిన్నరకు అది కొరియర్ బండి ఎక్కి వచ్చింది. బండి మనిషి ఒక పొట్లం చేతిలో పెట్టి, సంతకం తీసుకుని పోయాడు. వెనకే, హైదరాబాదులో కొలువు చేసే కూతురు వర్షిత ఫోను.

"బాపూ, పార్సిల్ వచ్చిందా? గది నా డేరా. లోపల పెట్టు, విప్పకు. నాలుగు గంటలకల్ల ఇంటికొస్త. రాత్రి నిజామాబాద్‌ల రైలెక్కాలె."

"గా కొండల మీదికేనా బిడ్డా?"

"ఔ, ఉత్తరాఖండ్. పదిహేను దినాలు నడుసుడే. ఇల్లూ వాకిలీ అంత వీపు మీదనే. అందుకే మస్తు తేలికది తెప్పిచ్చిన."

బడిపిల్లలను బాసరకు తీసుకుపోయినట్టు ఆఫీసువాళ్ళు గుంపుగా బస్సు కట్టించుకుని పోతారనీ, ఆడపిల్లలంతా ఒక హాలులో వరుసగా పడుకుంటారనీ కాశీరాం తనకు తానే చెప్పుకుని నెల రోజులైంది. కూతురు అట్లా అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ రెండింటి మధ్య ఉన్న సందులో ఆయన హాయిగా నిద్రపోతున్నాడు.

ఇక ఆ పొట్లం తేలికదనం చెప్పాలంటే, దాన్ని అరుగు మీద పెట్టి ఆయన కాసేపు చెయ్యి తీయలేదు. గాలికి లేచి పక్క చేనులో పడుతుందేమోనని. నలభై ఏళ్ళుగా పసుపు తూకం చూసిన చెయ్యి అది, ఊరుకోలేదు. పొట్లాన్ని తీసుకుపోయి కాంటా మీద పెట్టింది. కిలోకు అరవై గ్రాములు తక్కువ. డేరా అంటే కాశీరాం ఎరిగినది పెండ్లిళ్ళకు వేసేది, దాన్ని ట్రాలీలో తెస్తారు, నలుగురు మోస్తారు. కిలో కూడా తూగని డేరా ఎక్కడైనా ఉంటుందా? బిడ్డ ఎంత చదివినా దానికి తూకం తెలియదు. తూకంలో కొట్టినవాణ్ణి చూసి ఊరుకుంటే పసుపు రైతు పుట్టుకకే తలవంపు. విప్పి చూడక తప్పదు.

విప్పాడు. ముందు ఒక సన్నటి గొట్టాల కట్ట బయటపడింది. పైన ఉన్న పట్టీ తీశాడో లేదో, గొట్టాలు టకటకమంటూ తమంత తామే ఒకదానిలో ఒకటి దూరి, సాగి, గోడకున్న క్యాలెండరును కింద పడేశాయి. కాశీరాం రెండడుగులు వెనక్కి వేశాడు. అరుగు మీది కోడి నాలుగు వేసింది. ఆ తరువాత ఉల్లిపొరలాంటి గుడ్డ వచ్చింది. దాని వెంట ఒక కాగితం. కాగితం మీద డేరాను పైనుంచి చూసినట్టు బొమ్మ వేసి ఉంది. లోపల ఇద్దరు మనుషులు పక్కపక్కన పడుకుని ఉన్నారు. కింద ఇంగ్లీషులో ఏదో రాసి, పక్కన పెద్దగా 2 అని వేసి ఉంది.

కాశీరాం చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది. అయినా రెండు అంకె ఏ భాషలో ఉన్నా రెండే. బొమ్మలకు జుట్టు లేదు, మీసం లేదు, చీర లేదు, లుంగీ లేదు. ఎండలోకి తీసుకుపోయి చూశాడు. ఒక బొమ్మ కాళ్ళు రెండో బొమ్మ కాళ్ళ కన్నా కొంచెం పొడుగు. అంతే, పొడుగు కాళ్ళది మొగబొమ్మేనని తేల్చుకున్నాడు.

ఫోను చేశాడు.

"బిడ్డా, కొండల మీదికి ఎంతమంది పోతున్నరు?"

"ఇద్దరమే బాపూ."

"రెండో మనిషి ఎవరు?"

అవతల బస్సు హారను మోగింది. "వచ్చినంక చెప్త. నీకు తెలిసినోళ్ళే. జర గుస్స గాకు." ఫోను కట్టయింది.

గుస్స కావద్దని చెప్పించుకున్నాక గుస్స కాని తండ్రి ఆ చుట్టుపక్కల ఇంతవరకు పుట్టలేదు. కానీ కాశీరాంకు వచ్చింది కోపం కాదు, భయం. చిన్నప్పుడు పలక పగిలినా వచ్చి తనకే చెప్పిన పిల్ల. ఇప్పుడు ఒక మనిషిని మనసులో పెట్టుకుని, డేరా కూడా కొనుక్కుని, రైలెక్కే రోజు దాకా నోరు విప్పలేదంటే, తండ్రి మీద నమ్మకం ఎక్కడ జారిపోయినట్టు? నాలుగు గంటలకు బిడ్డ వస్తుంది. అంతలోపల ఆ రెండోవాడు ఎవరో తెలియాలి. ఊరికి మాత్రం తెలియకూడదు.

ముందుగా ఒక ఆశ పుట్టింది. డేరా పెద్దదే కావచ్చు, నడుమ జాగా ఉండవచ్చు. కాగితం చూసుకుంటూ కల్లం ఒడ్డున డేరా నిలబెట్టాడు. పసుపు నింపిన బస్తాలు రెండు మోసుకొచ్చి, మనుషులను పండుకోబెట్టినట్టు లోపల పక్కపక్కన పెట్టి, నడుమ చెయ్యి దూర్చి చూశాడు. అరచెయ్యి కాదు కదా, అగర్‌బత్తి దూరే సందు లేదు. కాశీరాం డేరా ముందు చతికిలబడ్డాడు.

"కాశన్నా, గిదేంది?"

పక్క కల్లం దేవిదాస్. ఆర్మూరు అంగడిలో పసుపు ధర లేచిందో పడిందో మార్కెట్ బోర్డు కన్నా ముందే చెప్పగల మనిషి. ధర కదలని రోజున ఊరి సంగతులు చెబుతాడు.

"ఏం లేదు తమ్మీ."

"ఏం లేనిదానికి తలుపెందుకే? తలుపుకు జిప్పు గూడ ఉన్నది. లోపల రెండు బస్తాలు జోకొట్టి పండుకోబెట్టినవ్."

బిడ్డ పేరు బయటికి రాకూడదు. ఆ తొందరలో కాశీరాంకు కల్లమే కనబడింది. "పసుపు ఆరబెట్టేది. కొత్తగ వచ్చింది."

"ఎన్నొద్దులకు ఆరుతది?"

"జల్ది ఆరుతది."

"జల్దంటే?"

"జల్దంటే జల్దే. పోయి నీ పని చూసుకో."

దేవిదాస్ పని అదే కాబట్టి పోయి చూసుకున్నాడు. కల్లం దాటేసరికి 'జల్ది' అన్నది మూడు రోజులైంది. పెర్కిట్ చౌరస్తా చాయబండి దగ్గర ఒక్క రోజైంది. కమ్మర్‌పల్లి చేరేసరికి, పొద్దున ఉడకబెట్టి లోపల పెట్టిన కొమ్ము మధ్యాహ్నానికి ఆరి, పాలిష్ కూడా అయి, తనంత తానే బస్తాలోకి నడిచి వస్తోంది.

పదకొండు గంటలకు రైతులు రావడం మొదలైంది. గిన్నెలో ఒకరు, తువ్వాలలో ఒకరు, హెల్మెట్‌లో ఒకరు తలా ఇన్ని కొమ్ములు తెచ్చారు. వద్దంటే అబద్ధం బయటపడుతుంది. కాశీరాం ఒక్కొక్కటే లోపల పెట్టి జిప్పు మూశాడు. జిప్పు లాగిన ప్రతిసారీ ప్రాణం లాగినట్టయింది.

"రెండు బస్తాలేనా పట్టేది?" అని ఒకాయన.

"ఇద్దరే," అన్నాడు కాశీరాం, వెంటనే దగ్గాడు. "రెండే."

వచ్చినవాళ్ళలో పెండ్లి కాని ప్రతి మొగపిల్లవాడి కాళ్ళూ ఆయన బొమ్మతో పోల్చి చూశాడు. నీకు తెలిసినోళ్ళే అన్నది బిడ్డ. తెలియనివాళ్ళెవరున్నారు పెర్కిట్‌లో?

పన్నెండున్నరకు వ్యవసాయ విస్తరణాధికారి గజేందర్ వచ్చాడు. కుర్రవాడు, ఈ మధ్యే బదిలీ మీద వచ్చాడు. కొత్త యంత్రం సంగతి విని ఫోటో తీసుకుందామని వచ్చాడు. డేరా చుట్టూ ఒకసారి తిరిగి, కాశీరాం చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"కాకా, గిది పసుపుది కాదు. కొండలల్ల నడిచేటోళ్ళది. ఇద్దరికి సరిపోతది."

కాశీరాం చూపు ఆయన ముఖం మీద నుంచి కిందికి జారింది. కాళ్ళు పొడుగు. బూట్లు మందం. పోయిన నెల పసుపు తవ్వకం చూడవచ్చి, ఇదే అరుగు మీద కూర్చుని చాయ తాగాడు. ఆ రోజు వర్షిత ఇంట్లోనే ఉంది. చాయలో చక్కెర ఎంతని కూడా అడిగింది.

"మీకెట్ల తెలుసు సారూ, ఇద్దరికని?"

"చూస్తె తెలుస్తలేదా?"

"కొండలంటే మీకు ఇష్టమా?"

"ఎవరికుండదు కాకా. రేపటి సంది లీవు గూడ పెట్టిన."

కాశీరాం డేరా తాడు పట్టుకున్నాడు. "ఎన్ని దినాలు?"

"పదిహేను."

రైతులు చుట్టూ ఉన్నారు. కాశీరాం గొంతు తగ్గించాడు. "నిద్రల గురక పెడ్తరా?"

"ఏంది కాకా?"

"అడిగినదానికి చెప్పున్రి."

"మా ఇంటామె అయితె పెడ్తనంటది."

"ఇంటామెనా?"

"పెండ్లయి ఆరేండ్లాయె. చిన్నోని పుట్టువెంట్రుకలకు వేములవాడ పోవాలె, గందుకే లీవు."

పుట్టువెంట్రుకలకు పదిహేను దినాలా? అది కూడా, సరిగ్గా బిడ్డ రైలెక్కిన తెల్లారి నుంచే? పెండ్లయినవాడైతే ఇంకా ఘోరమని కాశీరాం లెక్క తేల్చాడు. ఆయన గజేందర్ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎండలో ఉన్న మంచం మీద కూర్చోబెట్టాడు.

"నాలుగు గంటల దాంక మీరు యాడికి పోవద్దు. దండం పెడ్త."

ముసలాయనకు ఎండ దెబ్బ తగిలిందని గజేందర్‌కు అనుమానం వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు, వదిలిపోతే బాగుండదని కూర్చున్నాడు. కాశీరాం నీళ్ళు తెచ్చి ఇస్తే, ఆయన సగం తాగి, మిగిలిన సగం కాశీరాం నెత్తిన చల్లాడు. అట్లా ఒకరినొకరు కాపలా కాసుకుంటూ మూడున్నర గంటలు గడిపారు. ఆ మధ్యలో కాశీరాం మూడు ఉపన్యాసాలు తయారు చేసుకున్నాడు. ఒకటి తిట్టేది, ఒకటి బతిమాలేది. మూడోది, నాకెందుకు చెప్పలేదు బిడ్డా అనేది. మూడోది రెండో మాట దాటడం లేదు.

నాలుగింటికి ఆటో ఆగింది. వర్షిత దిగి, కల్లం చూసి, నిలబడిపోయింది. ఇరవై మంది రైతులు, వాళ్ళ నడుమ తన డేరా.

కాశీరాం పరుగెత్తబోయాడు. దేవిదాస్ ముందే చేరాడు.

"బిడ్డా, గీ పసుపు మిషను నువ్వే తెప్పిచ్చినవటనే?"

"మిషనేంది కాకా? గది నా డేరా. నేను కొండలల్ల పండుకోనీకి తెచ్చుకున్న."

రైతులు కాశీరాం వైపు చూశారు. దేవిదాస్ డేరా వైపు చూశాడు, లోపల ఉన్న రెండు బస్తాల వైపు చూశాడు, నెమ్మదిగా అడిగాడు.

"ఇద్దరు పట్టేటట్టున్నది. నువ్వు గాక ఇంకెవరు?"

పొద్దుటి నుంచి ఏ మాటకు అడ్డుగా కాశీరాం ఊరంతటినీ డేరాలో దూర్చాడో, ఆ మాటే ఊరి ముందు పడింది. కాశీరాం గజేందర్ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సారూ, ఇగ మీరే చెప్పున్రి."

"నేనేం చెప్పాలె కాకా?"

"ఈ సారెవరు బాపూ?" అంది వర్షిత. చాయలో చక్కెర అడిగిన సంగతి పిల్లకు గుర్తు కూడా లేదు.

ఆటోలోంచి ఒక కాలు దిగింది. దానికి కొత్త బూటు ఉంది. బూటు పైన చీర ఉంది. చీర పైన లక్ష్మవ్వ ఉంది.

"రెండో మనిషిని నేను," అంది.

కాశీరాం నోరు తెరిచాడు. మూడు ఉపన్యాసాల్లో ఒక్కటీ దీనికి పనికిరాదు.

"నువ్వా?"

"నేనే. షుగరున్నది, నడువుమన్నడు డాక్టరు. ఏడాది సంది చౌరస్తా దాంక పోవుడు, మళ్ళ వచ్చుడు. చౌరస్తల చూసేదేమున్నది? బిడ్డ కొండలు చూసుకుంట నడుద్దువు రమ్మన్నది. పోతున్న."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె పసుపు అమ్మినంక చూద్దమంటవ్. అమ్మినంక మక్కచేను అంటవ్. పెండ్లయిన సంది గదే వింటున్న. టికెట్టు తీసినంక చెప్పమన్న బిడ్డకు."

"గంత ఇరుకు దాంట్ల ఎట్ల పండుకుంటవే? నేను బస్తాలు పెట్టి చూసిన."

"ఏటా గీ దినాలల్ల ఇంట్ల బస్తాల నడుమనే కదా నా పక్క. ఏనాడన్న చెయ్యి పెట్టి చూసినవా, సందున్నదో లేదో?"

రైతుల్లో ఇద్దరు ముగ్గురు తమ తమ ఇండ్లు గుర్తొచ్చి నేల చూశారు. కాశీరాంకు మాత్రం ముందు ప్రాణం లేచి వచ్చింది. బిడ్డ ఏ మొగవాణ్ణీ దాచలేదు. అమ్మను దాచింది. అంతలోనే పదిహేను దినాలన్న లెక్క గుర్తొచ్చి, వచ్చిన ప్రాణం గుమ్మం దగ్గర ఆగింది.

"మరి నాకు తిండి?"

ఆటోలోంచి ఇంకొకరి కాలు దిగింది. లక్ష్మవ్వ అక్క నీలవ్వ, చేతిలో సంచితో. "ఫికర్ చెయ్యకు మరిదీ, నేను ఉంట. ముందుగాల గా మంచం లోపలెయ్యి. పసుపు తిరగేసి ఎన్ని గంటలాయె?"

పొద్దుటి నుంచి ఎవరూ తిరగేయలేదు.

డేరా జిప్పు తీశారు. పొద్దంతా మూసి ఉంచిన ఉక్కకు లోపలి కొమ్ములు చెమట పట్టి, వచ్చినప్పటి కన్నా తడిగా తేలాయి. హెల్మెట్ ఆయన తన కొమ్ములు వెతుక్కుంటూ కాశీరాంను ఒక మాట అన్నాడు, అది అచ్చులో వేసే మాట కాదు. గజేందర్ మాత్రం వచ్చిన పని వృథా కాకుండా, కొమ్ములను గాలి తగిలేట్టు ఎండలో ఎట్లా ఆరబెట్టాలో పావుగంట చెప్పాడు. తరువాత మంచం వైపు మళ్ళీ చూడకుండా వేములవాడ దారి పట్టాడు.

డేరా అడుగంతా పచ్చగా అయింది. వర్షిత దాన్ని చూసి తండ్రిని చూసింది. "పసుపంటితె మంచిదే," అంది లక్ష్మవ్వ, "కొత్తదానికి ఎట్లయిన బొట్టు పెట్టాలె గద." కాశీరాం పొద్దున గంట సేపు కుస్తీ పట్టి నిలబెట్టినదాన్ని పిల్ల నాలుగు గుప్పిళ్ళలో సంచిలోకి కుక్కేసింది.

ఆటో ఎక్కేముందు కాశీరాం కూతురి దగ్గరికి పోయి, ఎటో చూస్తూ అన్నాడు. "నాకు చెప్తె వద్దంటుంటినేమో. కాని చెప్పు బిడ్డా. వద్దనిపిచ్చుకునే పో."

"సరే బాపూ. తప్పయింది," అంది వర్షిత.

నాలుగో రోజుకు, నీలవ్వ పర్యవేక్షణలో కాశీరాం పసుపును పూటకు మూడుసార్లు తిరగేస్తున్నాడు. మంచం ఎక్కడుందో ఆయనకు చెప్పడం లేదు. ఆ రోజు సాయంత్రం కొండల మీద నుంచి వర్షిత ఫోను చేసింది. అమ్మ అందరికన్నా ముందు నడుస్తోందని చెప్పింది. కాశీరాం అంతా విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ముగ్గురు పట్టేది దొరుకుతదా?"

మూడో మనిషి ఎవరని వర్షిత అడగలేదు. ఆ ప్రశ్న అడిగితే ఎంతమంది రైతులు జమ అవుతారో ఆమె కళ్ళారా చూసి ఉంది.