కర్బనపాదుకా పరీక్షయు టీపొడి డబ్బా విజయమును

రాత్రి యనెడు నల్లదుప్పటిని తూర్పుదిక్కు మెల్లగా మడచిపెట్టుచుండగా, వీధిదీపములు ఆరుదమా వలదా యని తమలో తాము తర్జనభర్జనలు పడుచుండగా, పాలబండి చక్రఘోష వీధిమలుపున పుట్టి వీధిమలుపుననే యణగిపోగా, ఇస్త్రీకొట్టు, దర్జీకొట్టు, మందులకొట్టు మూడును ఇనుపరెప్పలు దించుకొని నిద్రాసముద్రమున మునిగియుండగా, ఆ వీధి నడుమ నొక యింటి గడప కవతల, మెట్టుమీద కూర్చుండి, యొక మహావీరుడు తన కుడిపాదమును బూటులో దూర్చుటకై దారుణసంగ్రామము సల్పుచుండెను.

ఎవరా వీరుడందురా? కళ్ళద్దాల కొట్టు యజమాని. చత్వారసంహారకుడు, హ్రస్వదృష్టినివారకుడు, జారిపడిన ఆవగింజంత మరమేకును తివాచీలో తడిమి పట్టగల సూక్ష్మగ్రాహి. ఇన్ని గుణము లొసగిన దైవము ఎత్తు దగ్గరకు వచ్చుసరికి కొంచెము పొదుపుగా కొలిచి పోసెను. పోయగా మిగిలినదానిని నడుము చుట్టును సర్దెను.

ఇక ఆ పాదరక్షల సంగతి! అవి సామాన్యమైన బూట్లు కావు. కర్బనఫలకగర్భితములు, నిబిడఫేనస్థూలతలములు, నిమ్మపండుచ్ఛాయావిరాజితములు, తూలికాలఘువులు. అడుగున నాలుగువేళ్ళ మందమున మెత్తని నురగ. ఆ నురగ నడుమ, రెండు రొట్టెముక్కల మధ్య ఎవరో మరచిపోయిన అట్టముక్కవలె, వంగక లొంగక దాగియున్న కార్బన్ పలక. కొట్టులో వానిని అమ్మిన కుర్రవాడు చెప్పిన మాటలు వీరుని చెవులలో నింకను మ్రోగుచునే యుండెను.

"సార్, మీరు పరిగెత్తక్కర్లేదు. ఊరికే అలా ముందుకి వాలండి చాలు. మిగతాదంతా అదే చూసుకుంటుంది."

పరుగెత్తకయే పరుగు గెలువవచ్చునన్న మాటకంటె కర్ణామృతమైన మాట యీ భూమండలమున వేరొకటి కలదా?

ఇంతటి సన్నాహమునకు కారణమును చెప్పెదను. నిరుడు ఊరి రహదారి పరుగుపందెమున వీరుడును ఆయన ధర్మపత్నియు పాల్గొనిరి. ధర్మపత్ని బడిలో డ్రిల్లు టీచరమ్మ. ఆమె యీల వేసినచో మైదానమున పిల్లలే కాదు, ప్రహరీగోడపై కాకులును వరుస కట్టును. భర్తకంటె మూడువేళ్ళు పొడగరి. అందుచేతనే పెళ్ళిఫోటోలో వరుని కాళ్ళక్రింద పీట పెట్టిరి. అందుచేతనే ఆ ఫోటోను మోకాళ్ళ దగ్గర కత్తిరించిరి. ఆ మహాసాధ్వి గమ్యము చేరి, నీళ్ళు త్రాగి, ఇంటికి పోయి, స్నానమాడి, తల యారబెట్టుకొని, తువ్వాలు భుజమున వేసికొని తిరిగివచ్చి నిలువబడిన చాలసేపటికి, గాలి తీసివేయగా నేలపై చతికిలబడియున్న గాలిబుడగ స్వాగతద్వారమును దాటుకొనుచు మన వీరుడు వచ్చెను. తువ్వాలు అందించుచు ఆమె నవ్వెను. ప్రక్కనున్నవా రెవరో "పాపం" అనిరి. ఆ రెండక్షరములు వీరుని గుండెలో ముల్లువలె దిగబడి, ఏడాదియైనను పైకి రాలేదు.

అందువలన నిన్నటి సాయంకాలము, ఆరిన బట్టలు మడత పెట్టుచున్న భార్య యెదుట నిలిచి, ఆయన తన మనస్సులో నిట్లు గర్జించెను: "ఓసి వాయువేగగామినీ! నీ తువ్వాలుధారణమునకు నేటితో ఉద్వాసన! ఈ పాదుకాద్వయము సాక్షిగా, నిన్ను నా వెనుక ధూళిలో చూడకున్న నేను కళ్ళద్దముల వాడనే కాను!" నోటినుండి మాత్రము వేరుగా వెలువడెను.

"ఆదివారం మళ్ళీ పరుగుంది కదా. ఈసారి నువ్వు తువ్వాలు పట్టుకుని నిలబడక్కర్లేదులే."

"ఏం, రావట్లేదా?"

"వస్తున్నా. కొత్త బూట్లు కొన్నా."

"బూట్లతో పాటు కాళ్ళు కూడా ఇచ్చారా?"

ఆమె తువ్వాలు దులిపి నాలుగుగా మడచెను.

"సరే, రేపు పొద్దున్న చూద్దాం. మన గేటు నుంచి వీధి చివర పోస్టుడబ్బా దాకా, మళ్ళీ గేటు దాకా. నాకంటే ముందొస్తే ఆదివారం మీరూ పరిగెత్తండి. రాకపోతే ఈసారి తువ్వాలు డ్యూటీ మీది. హాయిగా నిలబడి చూడొచ్చు."

"అచ్చంగా పరుగే ఎందుకు? ఏదో ఒకదాంట్లో నీకంటే ముందుంటే చాలదా?"

ఆమె పకాలున నవ్వెను. "ఏదో ఒకదాంట్లోనా? సరే కానివ్వండి. కానీ ఆ బూట్లతోనే. అదీ పొద్దున టీ తాగేలోపు."

అట్లు షరతు కుదిరెను. వీరుడు ఆదివారము పరుగెత్తునా, లేక తువ్వాలు మోయునా యన్నది మరునాటి మొదటి కప్పు టీలోపల తేలవలసియుండెను.

ఇక మెట్టుమీది యుద్ధము. బూటునాలుక లోపలికి ముడుచుకొనెను. మడమ సగము దిగి, యిక దిగనని మొండికేసెను. కళ్ళద్దాల కోవిదుడు వంగెను. వంగినప్పుడు పొట్ట యడ్డుపడెను. పొట్టను ప్రక్కకు నెట్టి ఊపిరి బిగబట్టి లాగగా, ఎట్టకేలకు పాదము లోపల పడెను. ఆ యుత్సాహమున లేసులు ముడిమీద ముడి, దానిపై నింకొక ముడి వైచి, గిలకబావిత్రాడువలె బిగించెను. లేచి నిలిచెను. నిలిచినంతనే బూట్లు ఆయనను ముందుకు త్రోయ మొదలిడగా, మెట్లు దిగుట యనునది ఆయన ప్రమేయము లేకయే జరిగిపోయెను. గేటు పట్టుకొని యాగెను.

అక్కడ, అరిగిన పాత క్యాన్వాసు బూట్లతో, మెడలో ఈలతో, ఆవులించుచు నిలిచియుండెను డ్రిల్లు టీచరమ్మ.

"రెడీనా? మోకాళ్ళు జాగ్రత్త."

ఈల మ్రోగెను!

మ్రోగుటయే తడవుగా, ధనుర్విముక్తశరమువలె గాక, ధనుస్సే శరమును వెంబడించినట్లు, కాళ్ళు ముందును కాయము వెనుకనుగా వీరుడు దూసికొని పోయెను. టపటప టపటప యని ఆ పలకలు చేయు రణభేరీరవమునకు మేడమీద కిటికీ యొకటి తెరచుకొని, విషయము గ్రహించి, మూసికొనెను. ఇస్త్రీకొట్టు వెనుకబడెను. దర్జీకొట్టు వెనుకబడెను. ఏమి చిత్రము! భార్యయు వెనుకబడెను! పదకొండేండ్ల కాపురమున తొలిసారి ఆమె యడుగులచప్పుడు తన వీపు వెనుక వినబడగా, వీరుని కన్నులు చెమర్చెను. "ఓ కర్బనమా! ఓ ఫేనమా! బూట్లమ్మిన బాలకా, నీవు నూరేళ్ళు వర్ధిల్లుము!" అని ఆయన హృదయము ఘోషించెను. పోస్టుడబ్బా యెఱ్ఱగా, రారమ్మని పిలుచుచున్నట్లు, దగ్గరపడెను.

అయ్యో, తిన్నగా పోవుటయే తప్ప తిరుగుట యెరుగని పాదుకలవి! వీధి చివర వీరుడు వెనుకకు మరలవలెనని యెంచెను. బూట్లు అట్లెంచలేదు. నాలుగువేళ్ళ నురగ ఒక ప్రక్కకు వాలెను. కర్బనఫలకము వంగనని భీష్మించెను. కళ్ళద్దములు ముక్కుకొసకు జారెను. రెండు చేతులు చాచి, చిరకాలమునకు కనబడిన మేనమామను కౌగిలించుకొన్నట్లు, ఆయన పోస్టుడబ్బాను గాఢాలింగనము చేసికొనెను. ఆ కౌగిలి విడిపించుకొని ఇటు మరలునప్పటికి, డ్రిల్లు టీచరమ్మ ఒంటికాలిపై గిరుక్కున తిరిగి దర్జీకొట్టు దాటుచుండెను.

"దెబ్బ తగిలిందా?" అని ఆమె ఆగకయే కేకవైచెను.

"లేదు లేదు! నువ్వు పద!"

తరువాతి కథను విస్తరించుటకు నాకు చేతులు రాకున్నవి. పిక్కలు బిగిసెను. ఊపిరి మూరెడు దూరమున నిలిచి వెక్కిరించెను. గేటు చేరునప్పటికి ఆమె గేటుకు చేరగిలబడి నిలిచియుండెను. భుజముపై నుండెను, అదియే, ఆ తువ్వాలే. ఆమె దానిని అందించెను. "పాపం" అను వారు లేకున్నను ఆయనకు ఆ మాట వినబడెను.

ఓడిన వీరుడు మెట్టుమీద కూలబడి లేసులు విప్పబూనెను. తాను వైచిన ముడి తనకే విడివడదాయెను. ఆదివారము గుంపులో నిలిచి, ఎవరెవరో పరుగెత్తి వచ్చుచుండగా తువ్వాలు మోయుచున్న తన రూపము కన్నుల గట్టెను. అది నవ్వులాట కాదు. నిజముగనే ఆయన మనస్సు చివుక్కుమనెను.

అప్పుడు వంటింటినుండి పిలుపు వచ్చెను.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

"బూట్లు ఊడి రావట్లేదు. ముడి బిగుసుకుంది."

"బూట్లతోనే రండి."

బూట్లతోనా? గడప దాటియా? నిన్న తుడిచిన నేలమీదనా? పాదరక్ష లేవియు గడప దాటరాదన్న శాసనమును లిఖించినదియు, అమలు జరుపునదియు, ఉల్లంఘించిన అతిథులను చూపుతోనే వెనుకకు పంపునదియు ఆమెయే కదా! అయినను ఆజ్ఞ మీరరాదు గనుక, కాలికి కాలు తగులకుండ, బురదలో నడచు కొంగవలె, ఆయన లోనికి పోయెను.

పొయ్యిమీద నీళ్ళు కాగుచుండెను. టీపొడి చిన్నడబ్బా అడుగంటి మూత తెరచుకొని పడియుండెను. నిండుడబ్బా పై అరలో నుండెను. ఆ పై అర వీరుని జీవితమున నొక దుర్భేద్యదుర్గము. ఇన్నేండ్లుగా దానిలోని వస్తువు ప్రతియొక్కటియు ఆమె చేతిమీదుగానే క్రిందికి దిగెను. ఆమె యెదుట పీట వేసికొని ఎక్కుటకు ఆయనకు అభిమానము అడ్డువచ్చెడిది.

"టీపొడి అయిపోయింది. ఆ పెద్దడబ్బా చూడండి, నాకు అందట్లేదు," అని ఆమె చేయి చాచి చూపెను. వ్రేళ్ళకొసలు డబ్బాను తాకీతాకక నిలిచెను.

వీరుడు ముందునకు వచ్చెను. శిరస్సెత్తెను. పోస్టుడబ్బాచే పరాభూతమైన యా దక్షిణహస్తమును ఊర్ధ్వముగా చాచెను. తక్కువైనవి మూడువేళ్ళు, నురగ నాలుగువేళ్ళు, శేషము ఒక వేలు! మునివేళ్ళపై లేవగానే, అంతవరకు వంగనని భీష్మించిన కర్బనఫలకము స్తంభమువలె నిలిచి, ఆయనను తొణకక బెణకక మోసెను. అరచేయి డబ్బా మూతపై పడెను. పట్టెను. దించెను. గట్టుమీద పెట్టెను. దుర్గము కూలెను!

"టీ ఇంకా తాగలేదుగా," అనెను ఆమె, పొడి గరిటెతో తీయుచు. "ఏదో ఒకదాంట్లో ముందున్నారు. ఆదివారం పరిగెత్తండి."

విజయప్రసంగము వీరుని కంఠమున సిద్ధముగా నుండెను. "ఓసి పొడగరీ" అని మొదలగు దీర్ఘసమాసము నాలుకపైకి వచ్చెను. కాని ఆయన సూక్ష్మగ్రాహి యని ముందే చెప్పితిని. ఆమె చేయి చాచినప్పుడు ఆమె మడమలు నేల విడువలేదు. ఎప్పుడును ఆ డబ్బాకై ఆమె మడమలెత్తును. దినమెల్ల పిల్లలతో గంతులువేయు మడమలవి.

"నువ్వు మునివేళ్ళ మీద లేస్తే అందేది కదా," అనెను.

"పొద్దున్నే పరిగెత్తించారుగా, పిక్కలు పట్టేశాయి," అని ఆమె పొయ్యివైపు తిరిగెను. అటు తిరిగియే, నీళ్ళలో పొడి వైచుచు, ఇట్లనెను. "అయినా ఆ తువ్వాలు డ్యూటీ మీకెందుకిస్తాను? అక్కడ నిలబడి, మలుపుకేసి చూస్తూ, అదిగో వస్తున్నారు, ఇదిగో వస్తున్నారు అనుకోవడం నాకెంత బావుంటుందో మీకేం తెలుసు!"

ఏడాదిగా గుండెలో నున్న ముల్లు అప్పుడు, చప్పుడు చేయక, ఊడివచ్చెను. వీరుడు కళ్ళద్దములు తీసి, తువ్వాలుతో తుడుచుకొని, మరల పెట్టుకొనెను.

"నిలబడి తాగుతారా, కూర్చుంటారా?"

"నిలబడే," అనెను వీరుడు. కూర్చున్నచో ఆ యొక్క వేలెడు ఎత్తు వృథా యగును గదా.

వినుడు, వినుడు! పై అరకు చేయి చాలని వారలారా, మలుపు తిరుగలేని వారలారా, అందరును పోయిన పిమ్మట గమ్యము చేరువారలారా! కర్బనపాదుకాధారియగు కళ్ళద్దాల వీరుడు, పరుగున నోడియు, పోస్టుడబ్బాచే నిలువరింపబడియు, స్వగృహమున, స్వహస్తమున, పీట లేకయే, టీపొడి డబ్బాను దించెను! ఈ గాథను శ్రద్ధతో చదివినవారికి లేసుముడులు సులభముగా విడివడుగాక! గమ్యమునొద్ద తువ్వాలు పట్టుకొని యెదురుచూచువా రొకరు కలుగుదురుగాక!

టీ త్రాగిన పిమ్మట డబ్బా మరల పై అరకే పోయెను. పెట్టినవాడును ఆయనే.